జీవవైవిధ్యం చౌరస్తా నుంచి మన చెలక దాకా

హైదరాబాదులో గచ్చిబౌలి వైపు పోయే బస్సెక్కితే ఒక స్టాపు దగ్గర కండక్టరు "బయోడైవర్సిటీ, బయోడైవర్సిటీ" అని కేకేస్తాడు. మన గూడేల నుంచి, తండాల నుంచి మేస్త్రీ కూలికి, కాపలా పనికి, ఈమధ్య కంప్యూటరు కొలువులకు పోయిన పిల్లలందరికీ ఆ స్టాపు తెలుసు. ఒకదాని మీద ఒకటిగా రెండు ఫ్లైఓవర్లు, చుట్టూ అద్దాల మేడలు, నాలుగు దిక్కులా వాహనాలు. ఇంత కాంక్రీటు మధ్య ఆ పేరేమిటని నవ్వుకునేవాళ్లే గాని, అది ఎలా వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ.

ఆ పేరు వెనక 2012 నాటి ఒక సదస్సు ఉంది. ఆ ఏడాది ప్రపంచ దేశాలు హైటెక్ సిటీలో కూర్చుని రెండు వారాల పాటు మాట్లాడుకున్న విషయాల్లో ముఖ్యమైనది ఒకటి: చెట్టును, విత్తనాన్ని, నీటిని కాపాడే ఖర్చు ఎవరు భరించాలి? జవాబు అక్కడ సగమే దొరికింది. మిగతా సగం మన పొలాల గట్ల మీద, మన పంచాయతీ బీరువాల్లో ఉంది. సొంత భూమిలో మిగిలి ఉన్న నాటు సంపదను కాపాడటానికి ప్రభుత్వం ద్వారా సొమ్ము ఎప్పుడు వచ్చింది, ఎవరికి వచ్చింది, మనదాకా ఎందుకు రాలేదు? ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఆ చరిత్రే.

కంచల మీద లేచిన నగరం

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఒకప్పుడు మామూలు పల్లెలు. రాతి గుట్టలు, వాటి మధ్య కుంటలు, పశువులు మేసే బీళ్లు. అలాంటి మేత బీడును ఈ ప్రాంతంలో కంచ అంటారు. కంచ గచ్చిబౌలి అనే రెవెన్యూ పేరులో ఆ మాట ఇంకా బతికే ఉంది. ఆ గుట్టల రాయికి సుమారు 250 కోట్ల ఏళ్ల వయసుంటుందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. రాళ్ల సందుల్లో తంగేడు, రేల, మోదుగ, రేగు, కలివి పెరిగేవి. దుర్గం చెరువు ఒకనాడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువు.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత ఈ నేల విలువ ఎంత వేగంగా మారిందో ఒక్క అంకె చెబుతుంది. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వం స్థలాలు వేలం వేస్తే ఒకచోట ఎకరం ధర 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. అంత ధర పలికే చోట తంగేడు పొదకు, రాతి గుట్టకు విలువ కట్టే లెక్క ఏదీ లేదు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగినప్పుడు విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపించింది. అది ప్రభుత్వం తనదని చెప్పిన భూమి. మరి ప్రైవేటు భూమి సంగతేమిటి? దానికి పట్నం పక్కనే ఒక పాత పాఠం ఉంది.

1996: ఒకే ఏడు, మూడు దారులు

1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని కాపాడటానికి, తాగునీరు ఇవ్వటానికి నిజాం ప్రభుత్వం ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టింది. 1920లలో అవి పూర్తయ్యాయి. ఆ రెండు చెరువుల పరీవాహక ప్రాంతం చెడిపోకుండా 1996 మార్చి 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111 నంబరు జీవో ఇచ్చింది. చెరువుల నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. కాలుష్యం చేసే పరిశ్రమలు వద్దు, పెద్ద హోటళ్లు వద్దు, పెద్ద కాలనీలు వద్దు అని ఆంక్షలు పెట్టారు. ఐటీ కారిడారుకు ఆనుకుని ఉన్న వట్టినాగులపల్లి కూడా ఆ 84 ఊళ్లలో ఒకటి.

ఆ జీవో మంచిదే. దానివల్లే పాతికేళ్ల పాటు ఆ వైపు పొలాలు, కుంటలు, పక్షులు మిగిలాయి. అయితే ఆ జీవో రైతుకు 'చేయకు' అని చెప్పింది గాని, చేయకుండా ఉన్నందుకు ఏమిస్తుందో చెప్పలేదు. నీళ్లు తాగింది పట్నం, కట్టడి మోసింది పల్లె. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే ఈ ఊళ్ల రైతులు ఆంక్షలు తీసేయమని ఏళ్ల తరబడి అడిగారు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69 నంబరు జీవోతో ఆ ఆంక్షలను ఎత్తివేసే నిర్ణయం ప్రకటించింది. ఉత్త కట్టడితో నిలబెట్టిన రక్షణ, భూమి ధర పెరిగేకొద్దీ బలహీనపడుతుందని ఈ కథ చెబుతుంది.

అదే 1996లో మధ్య అమెరికాలోని కోస్టారికా అనే చిన్న దేశం వేరే దారి పట్టింది. కొత్త అటవీ చట్టం చేసి, సొంత భూమిలో అడవిని నరకడం నిషేధించింది. దాంతోపాటు అడవిని నిలుపుకున్న భూయజమానికి ఏటా డబ్బు ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ డబ్బు ఎక్కడిది? ఎక్కువ భాగం పెట్రోలు, డీజిలు మీద వేసిన పన్ను. పొగ వదిలేవాడు కట్టాలి, గాలిని శుభ్రం చేసేవాడు తీసుకోవాలి అన్నది దాని సూత్రం. ఆదివాసుల భూభాగాలకు కూడా ఈ చెల్లింపు అందుతోంది. 1980లలో దేశ విస్తీర్ణంలో పావువంతు దాకా పడిపోయిన అడవి ఇప్పుడు సగానికి పైగా ఉంది. దీనికి చెల్లింపు ఒక్కటే కారణమని చెప్పలేం. కానీ నిషేధం, చెల్లింపు రెండూ జతగా నడిచాయి.

మూడో దారి మనది. అదే ఏడు డిసెంబరు 24న పెసా చట్టం అమలులోకి వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఫలసాయం మీద గ్రామసభకు హక్కు ఉందని చెప్పింది. అది చెల్లింపు గురించి మాట్లాడలేదు, అధికారం గురించి మాట్లాడింది. ఒకే ఏడు వచ్చిన ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కట్టడి ఒకచోట ఉంది, డబ్బు ఒకచోట ఉంది, గ్రామసభ ఒకచోట ఉంది. మూడూ కలిసిన చోటు మనకు ఇంకా దొరకలేదు.

2012: హైటెక్ సిటీలో పలికిన మాట

1992లో రియో నగరంలో కుదిరిన జీవవైవిధ్య ఒప్పందం మన వ్యాసానికి మూలం. దాని మూడు లక్ష్యాలు ఉపాధ్యాయులు పిల్లలకు తేలిగ్గా చెప్పొచ్చు: కాపాడటం, పొదుపుగా వాడటం, వచ్చిన లాభాన్ని న్యాయంగా పంచుకోవడం. అందులో ఎనిమిదో అధికరణం 'జె' ఉపభాగం ఆదివాసీ, స్థానిక సమాజాల జ్ఞానాన్ని గౌరవించాలని, దానివల్ల వచ్చే లాభాన్ని వాళ్లతో పంచుకోవాలని చెబుతుంది. భారతదేశం 1994లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. 2002లో జీవవైవిధ్య చట్టం చేసింది. 2003లో చెన్నైలో జాతీయ జీవవైవిధ్య సంస్థ ఏర్పడింది.

ఆ ఒప్పందంలోని దేశాల పదకొండో సదస్సు 2012 అక్టోబరు 8 నుంచి 19 వరకు హైటెక్ సిటీలోని అంతర్జాతీయ సదస్సుల కేంద్రంలో జరిగింది. అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జయంతి నటరాజన్ అధ్యక్షత వహించారు. అక్టోబరు 16న ప్రధాని మన్మోహన్ సింగ్ 'హైదరాబాద్ ప్రతిజ్ఞ' పేరుతో 5 కోట్ల డాలర్లు ప్రకటించారు. అప్పటి లెక్కలో అది సుమారు 264 కోట్ల రూపాయలు. జీవవైవిధ్యాన్ని కాపాడే సంస్థలను మనదేశంలోనూ, ఇతర వర్ధమాన దేశాల్లోనూ బలపరచడానికి ఆ సొమ్ము. పేద దేశాలకు అందే అంతర్జాతీయ సాయాన్ని 2015 నాటికి రెట్టింపు చేయాలని కూడా సదస్సు తీర్మానించింది. లాభాల పంపిణీకి సంబంధించిన నగోయా ఒడంబడికను భారతదేశం ఆ రోజుల్లోనే, అక్టోబరు 9న ఆమోదించింది. ఆ సదస్సు గుర్తుగా గచ్చిబౌలిలో జీవవైవిధ్య పార్కు వెలిసింది. దాని పక్క చౌరస్తాకు ఆ పేరే నిలిచింది.

సదస్సులో వినిపించిన అంకెలు కోట్లలో ఉన్నాయి. ఆ రోజుల్లో చెప్పుకున్న మన ప్రాంతపు ఉదాహరణ మాత్రం వేలల్లో ఉంది. అది అమరచింత వేపాకు కథ.

అమరచింత వేపాకు

అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అమరచింత నుంచి సేకరించిన వేపాకును హైదరాబాదులోని ఒక కంపెనీ జపానుకు ఎగుమతి చేసింది. మొత్తం 2,000 కిలోలు. చట్టం ప్రకారం ఆ కంపెనీ జాతీయ సంస్థకు 55,035 రూపాయలు వాటా కట్టింది. అందులోంచి 20,000 రూపాయలు అమరచింత జీవవైవిధ్య యాజమాన్య కమిటీకి వచ్చాయి. వేప మొక్కలు నాటడానికి, చట్టం గురించి ఊరికి తెలియజెప్పడానికి ఆ డబ్బు ఉద్దేశించారు. దేశంలో లాభాల పంపిణీ మొదట జరిగిన సందర్భాల్లో ఇదొకటి.

ఇరవై వేలు చిన్న మొత్తమే. కానీ అది ఏ దారిన వచ్చిందో మన యువత అర్థం చేసుకోవాలి. 2002 చట్టం మూడు అంచెల ఏర్పాటు చేసింది. జాతీయ సంస్థ, రాష్ట్ర మండలి, కింద ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ. ఆ కమిటీ ఊళ్లోని చెట్లు, పంటలు, పశువులు, చేపలు, మందుమొక్కలు, వాటిని ఎరిగిన మనుషుల వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మూడు అంచెల్లోనూ నిధి ఉంటుంది. ఊరి స్థాయిలో ఉండేది స్థానిక జీవవైవిధ్య నిధి. 2014 నాటి మార్గదర్శకాల ప్రకారం వచ్చిన వాటాలో 95 శాతం కమిటీకి, లేదా లాభానికి హక్కుదారులుగా గుర్తించినవారికి పోవాల్సి ఉండేది. 'గుర్తించినవారికి' అన్న ఆ ఒక్క మాట దగ్గరే మన కథంతా ఆగి ఉంది. అమరచింతలో కమిటీ ఉంది కాబట్టి డబ్బు దిగడానికి ఒక చోటు దొరికింది. కమిటీ లేని ఊరి వేపాకు కూడా అలాగే జపాను పోతుంది. దాని డబ్బు మాత్రం ఆ ఊరి పేరు మీద దిగదు.

చట్టంలో మరో సంగతీ ఉంది. ఒక ప్రాంతాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించినప్పుడు, దానివల్ల జీవనోపాధి దెబ్బతిన్నవారికి పరిహారం ఇచ్చే పథకాలను రాష్ట్ర ప్రభుత్వం రూపొందించాలని 37వ సెక్షన్ చెబుతుంది. ఐటీ కారిడారుకు ఉత్తరాన ఉన్న అమీన్‌పూర్ చెరువు 2016లో ఆ హోదా పొందింది. 111 జీవోలో లేని మాట, అంటే కట్టడితోపాటు పరిహారం, 2002 నాటికే చట్టంలో రాసి ఉందన్నమాట.

ఒకే చెట్టు, రెండు న్యాయాలు

ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, వెలిగొండ, పాలకొండలు దాని పుట్టిల్లు. కొందరు రైతులు సొంత భూమిలో కూడా దాన్ని పెంచుతారు. అలాంటి చెక్కను చట్టప్రకారం వాడుకున్నవాళ్లు కట్టిన వాటా నుంచి 2025లో జాతీయ సంస్థ ఆంధ్రప్రదేశ్‌కు 3 కోట్ల రూపాయలు విడుదల చేసింది. నెల్లూరు, తిరుపతి, కడప, చిత్తూరు జిల్లాల్లోని 48 గ్రామాలకు చెందిన 198 మంది రైతులు, వాళ్లతోపాటు ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని పొందారు. సొంత భూమిలో స్థానిక జాతి చెట్టును నిలబెట్టినవారికి, చెట్టు ధర కాక, కాపాడిన వాటా విడిగా అందడం మన తెలుగు నేల మీద పెద్ద అడుగే. దాన్ని మేము స్వాగతిస్తున్నాం.

ఆ చెట్టుకే ఇంకో చరిత్ర ఉంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో 20 మంది చెట్టు కొట్టే కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్లు తమిళనాడు నుంచి కూలికి వచ్చిన పేదలు. జవ్వాదు కొండల ఆదివాసులు కూడా అందులో ఉన్నారు. కొట్టించినవాడు అడవిలో లేడు, కొట్టినవాడు ప్రాణమిచ్చాడు. దొంగతనాన్ని మేము సమర్థించడం లేదు. ఒకే చెట్టు పట్టా ఉన్నవాడి ఇంటికి చెక్కుగా, పట్టా లేనివాడి ఇంటికి శవంగా ఎందుకు చేరుతుందో అడుగుతున్నాం. ఆ కొండల అంచుల్లో తరతరాలుగా ఉన్న యానాదుల పేర్లు ఎర్రచందనం కాపాడినవారి జాబితాలో ఎన్ని ఉన్నాయో కూడా అడుగుతున్నాం. జాబితా పట్టాను చూసి రాస్తారు. భూమి రాతలో లేని మనిషి రక్షణ కూడా రాతకెక్కదు.

మన పట్టాల్లోకి ఏ చెట్టు వచ్చింది?

మనకు అసలు గ్రాంట్లే రాలేదని అనడం సరికాదు. 1970ల నుంచి ఐటీడీఏల ద్వారా, ఆ తర్వాత నాబార్డు గిరిజన అభివృద్ధి నిధి కింద వాడీ తోటల ద్వారా, 2005 ఉపాధి హామీ చట్టం కింద మన పట్టా భూముల్లో చేసిన పనుల ద్వారా సొమ్ము వచ్చింది. దానివల్ల ఎన్నో కుటుంబాలు వలస మాని నిలబడ్డాయి. పాడేరు, అరకు కాఫీకి పేరొచ్చింది.

అయితే ఆ సొమ్ము ఏ చెట్టును నాటించిందో చూడాలి. కాఫీ నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియాది. జీడిమామిడి బ్రెజిల్ నుంచి వచ్చింది. కాగితపు మిల్లుల కోసం గోదావరి జిల్లాల్లో, ఖమ్మంలో పరుచుకున్న జామాయిల్‌ది ఆస్ట్రేలియా, సుబాబుల్‌ది మధ్య అమెరికా, పామాయిల్‌ది ఆఫ్రికా. ఐటీ కారిడారు రోడ్ల మధ్య పచ్చగా కనిపించే కోనోకార్పస్ కూడా మన నేలది కాదు. పరాయి చెట్టంతా చెడ్డదని మేము అనం. మిరపకాయ కూడా బయటి నుంచి వచ్చిందే, ఇవాళ అది లేని పచ్చడి లేదు. మా మాట ఇది: గ్రాంటు వచ్చిన ప్రతిసారీ మొక్కల జాబితా ముందే రాసి ఉంటుంది. ఆ జాబితాలో ఇప్ప ఉండదు, సార ఉండదు, తునికి ఉండదు, కరక్కాయ ఉండదు. పొలంలో అప్పటికే నిలబడి ఉన్న ఇప్పచెట్టుకు డబ్బు రాదు. దాని పక్కన గుంట తవ్వి వేరే మొక్క నాటితే వస్తుంది. నాటడాన్ని లెక్కపెట్టే పథకాలు నిలుపుకోవడాన్ని లెక్కపెట్టవు.

విత్తనాల సంగతీ ఇంతే. సామ, కొర్ర, ఊద, చోడి, వలిసె, అనుము మన పోడులో కలిపి చల్లిన పంటలు. ఒకటి పోతే ఒకటి పండేది. రాయితీ విత్తనాల సంచీ వచ్చాక ఒక పొలం ఒక పంటకు అలవాటు పడింది.

ఇదంతా పాత కథని వదిలేయడానికి లేదు. 2023 జూన్ 30న తెలంగాణ ప్రభుత్వం ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలు. 2025 మే 18న నల్లమలలోని మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం ప్రారంభమైంది. 12,600 కోట్లతో 2.10 లక్షల గిరిజన రైతుల 6 లక్షల ఎకరాలకు సౌర పంపులతో నీరిస్తామన్నారు. నీరు రావడం మంచిదే, మనం అడిగిందే. ఆ నీటితో ఆ ఆరు లక్షల ఎకరాల్లో ఏది పెరగాలి అన్నది ఇప్పుడే తేలుతుంది. చెంచుల చెలకలో చెంచులకు తెలిసిన చెట్లకు చోటుంటుందా, లేదా జాబితా మళ్లీ పైనుంచే దిగుతుందా? పట్టా మన చేతికి వచ్చిన ఈ పదేళ్లలోనే ఆ ప్రశ్న అడగాలి. తోటలు ఎదిగాక అడిగితే ఉపయోగం లేదు.

విత్తనం దాచినవారికి

దారి లేదని నిరాశపడక్కర్లేదు. మన పొరుగున ఉన్న కొరాపుట్‌ను చూడండి. జయపురం కొండలు వరికి పుట్టినిళ్లలో ఒకటి. అక్కడి ఆదివాసీ స్త్రీలు వందల నాటు వరి రకాలను ఇళ్లలో కుండల్లో దాచారు. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కొరాపుట్ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆ విత్తనాలను కాపాడిన ఆదివాసీ రైతు కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. బడికి పోకపోయినా ఆమె ఒక విత్తన బడి నడిపిందని మన పిల్లలకు చెప్పాలి.

2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద ఒక జాతీయ జన్యు నిధి ఉంది. నాటు రకాలను సొంత పొలంలో కాపాడే రైతు సమాజాలకు దాని నుంచి 10 లక్షల రూపాయల పురస్కారం ఇస్తారు. ఒక్కో రైతుకు లక్షన్నర, లక్ష చొప్పున పురస్కారాలు ఉన్నాయి. దరఖాస్తు చేయాలి, రకం వివరాలు రాయాలి, ఎన్నాళ్లుగా సాగు చేస్తున్నారో చూపాలి. ఇక్కడా రాతే తాళంచెవి.

కేరళలోని కాణి ఆదివాసుల అనుభవం ఇంకొకటి చెబుతుంది. 1987లో అగస్త్యమల అడవుల్లో శాస్త్రవేత్తలకు దారి చూపిన కాణి యువకులు అలసట లేకుండా నడుస్తుంటే, వాళ్లు తింటున్న కాయల గుట్టు బయటపడింది. ఆ ఆరోగ్యపచ్చ మొక్క నుంచి 'జీవని' అనే మందు తయారైంది. 1995లో లైసెన్సు ఫీజుగా వచ్చిన 10 లక్షల్లో సగం కాణులకు ఇవ్వాలని నిర్ణయించారు. ఆ డబ్బు తీసుకోవడానికి కాణులు 1997లో ఒక ట్రస్టు పెట్టుకోవాల్సి వచ్చింది. జ్ఞానం ముందు బయటికి పోయింది, సంఘం తర్వాత ఏర్పడింది. మన దగ్గర ఈ వరుస తిరగబడాలి.

రిజిస్టరు ఎవరి చేతిలో ఉంది?

2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అన్ని రాష్ట్రాలకూ గడువు పెట్టింది. 2020 జనవరి 31లోగా ప్రతి స్థానిక సంస్థలో కమిటీ, రిజిస్టరు ఉండాలని, లేకపోతే నెలకు 10 లక్షలు కట్టాలని చెప్పింది. ఆ తొందరలో దేశమంతటా లక్షల్లో రిజిస్టర్లు తయారయ్యాయి. కాగితం మీద మన పంచాయతీకీ ఒక కమిటీ ఉండే ఉంటుంది. దాని సభ్యులెవరో సభ్యులకే తెలుసా? రిజిస్టరులో మన ఊరి మొక్కలు ఉన్నాయా, పక్క మండలంలో రాసిందే ఇక్కడా ఉందా? మొక్కలకు మన భాషల్లోని పేర్లు ఉన్నాయా? ఈ ప్రశ్నలు గ్రామసభలో అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

2023లో చట్టాన్ని సవరించారు. ఆయుర్వేదం, సిద్ధ, యునాని వంటి అధికారిక గ్రంథాల్లో ఉన్న జ్ఞానాన్ని వాడుకునేవారికి మినహాయింపులు దొరికాయి. మన పెద్దల మందు గ్రంథాల్లో లేదు, నోట్లో ఉంది. కాబట్టి అది ఆ మినహాయింపు కిందికి రాదు. దాని మీద మన హక్కు ఇంకా మిగిలే ఉంది. మరోవైపు, 2024లో కొలంబియాలోని కాలి నగరంలో జరిగిన సదస్సు ఇంకో సంగతి తేల్చింది. మొక్కల జన్యు సమాచారాన్ని కంప్యూటర్లలో వాడుకుని లాభపడే కంపెనీలు ఒక నిధికి డబ్బు కట్టాలి, అందులో కనీసం సగం ఆదివాసీ, స్థానిక సమాజాలకు చేరేలా చూడాలి అన్నది ఆ నిర్ణయం. విత్తనం గింజగానే కాక అంకెలుగా కూడా ఊరు దాటే కాలమిది. హైటెక్ సిటీలో కొలువు చేస్తున్న మన పిల్లలకు ఆ అంకెల భాష తెలుసు. వాళ్లు ఊరి కోసం చేయగల పని ఇక్కడే ఉంది.

అందుకే యువతకు, ఉపాధ్యాయులకు మేము కొన్ని పనులు సూచిస్తున్నాం. పంచాయతీ నుంచి రిజిస్టరు ప్రతి తీసుకుని గ్రామసభలో చదివించండి. తప్పులుంటే తీర్మానం చేసి తిరగరాయించండి. రాసేటప్పుడు గోండి, కోయ, కువి, సవర, లంబాడీ, చెంచు పేర్లు ముందు, తెలుగు పేరు తర్వాత, శాస్త్రీయ నామం చివర పెట్టండి. విత్తనం దాచిన అవ్వ పేరు, మందు తెలిసిన తాత పేరు వాళ్ల ఒప్పుకోలుతో రాయండి. మందు తయారుచేసే పద్ధతి మాత్రం బయటపెట్టొద్దు. 'తెలిసినవారు ఫలానా' అని రాస్తే చాలు. మన చెలకల్లో నిలబడి ఉన్న పాత చెట్లను పట్టా నంబరుతో సహా లెక్కపెట్టండి. తోటల పథకం వచ్చినప్పుడు ఆ లెక్క ముందు పెట్టి, ఉన్న చెట్టుకూ సొమ్ము అడగండి, నాటే జాబితాలో మన చెట్లను చేర్పించండి. బడిలో ప్రతి తరగతీ ఏడాదికి పది నాటు రకాల గింజలు సేకరించి పేర్లతో భద్రపరిస్తే, పదేళ్లలో ఆ బడే ఊరికి విత్తన బ్యాంకు అవుతుంది.

111 జీవో నుంచి ఎర్రచందనం దాకా చూస్తే ఒక సంగతి తేలుతోంది. ప్రభుత్వ సొమ్ము చెట్టును వెతుక్కుంటూ రాదు. పట్టాను, కమిటీని, రిజిస్టరును వెతుక్కుంటూ వస్తుంది. మన పెద్దలు కాపాడారు, రాయలేదు. వాళ్లకు రాయాల్సిన అవసరం రాలేదు, చాలామందికి రాసే అవకాశమూ రాలేదు. చదువు మనదాకా వచ్చింది కాబట్టి ఆ రాత మన తరం పని. ఈ వేసవిలో ఒక్క గ్రామసభలోనైనా ఆ రిజిస్టరు తెరిపిద్దాం.